పన్నెండో నంబరు ముందుగోడ

“అన్ని కిటికీలూ ఒకేలాగుంటేనే లైనుకి అందం,” అని థెల్మా మూడోసారి అంది. గేనర్ మూడోసారి కూడా వినబడనట్టే కూర్చుంది. బొమ్మరిళ్లకి సామాను అమ్మే హాలం దుకాణంలో పచ్చగుడ్డ పరిచిన బల్ల మీద కిటికీలు వరసగా పడుకుని ఉన్నాయి. ఒక్కొక్కటీ అరచేతిలో ఇమిడేంత, అడుగుకి అంగుళం లెక్కన తగ్గించి చేసినవి, పైకీ కిందికీ జరిగే చెక్క రెక్కలతో. గోటితో తోస్తే నిజంగానే జరుగుతున్నాయి, చప్పుడు లేకుండా, నూనె రాసినట్టు. గనివాళ్ల ఇళ్ల లైనులో, ఆ ఆల్మా రోలో, ఏ కిటికీ అలా జరిగింది గనక? బొగ్గు నుసి దిగి బిగుసుకుపోయేవి. నాన్న భుజం ఆనించి పైకి నెట్టేవాడు, అమ్మ కొవ్వొత్తి ముక్క పెట్టి పక్కలు రుద్దేది, అయినా సగం దాకా లేచి అక్కడే మొరాయించేవి. అందమట. ఆ లైనులో పుట్టి పెరిగినవాళ్లెవరూ అప్పుడు దాన్ని అందమైనదనలేదు. గని మూసేసి, ఇళ్లు కూల్చేసి, ఆ చోట కార్లు నిలిపే జాగా చేశాక ఇప్పుడు అందరికీ అందం గుర్తొచ్చింది. గని సమ్మె అయి నలభై ఏళ్లయిందని ఆస్క్‌థార్ప్ బొమ్మరిళ్ల క్లబ్బు ఆడవాళ్లంతా తలో ఇల్లూ కడుతున్నారు. అన్నీ పక్కపక్కన చేర్చి బోల్టులు బిగించి కార్మికుల హాలులో నిలబెడతారు. పదకొండో నంబరు థెల్మాది. పన్నెండు గేనర్ పుట్టిన ఇల్లు. రెండింటికీ మధ్య గోడ ఒక్కటే. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే, కాకపోతే ఇప్పుడది పలచటి చెక్క.

“మాది ఇటుక గోడ కాదు,” అంది గేనర్, కిటికీల మీంచి కళ్లెత్తకుండా.

“ఇటుక కాకపోతే ఏమిటే, పాలరాయా? లైను మొత్తం ఇటుకేగా.”

“దాని మీద గులకపూత ఉండేది. మీకు తెలుసు.”

“అది తర్వాత సంగతి తల్లీ. మనం కడుతున్నది సమ్మె నాటి లైను. మధ్యలో ఒక్కిల్లు మశూచి మొహంలా ఉంటే చూసేవాళ్లేమనుకుంటారు?”

చూసేవాళ్లేమనుకుంటారు. ఆ పూత ఎందుకొచ్చిందో తెలియని మనిషితో మాట్లాడుతున్నట్టుగా ఎంత తేలిగ్గా అనేసింది! సమ్మె పదకొండు నెలలు నడిచి, ఇంకో నెలలో ముగుస్తుందనగా నాన్న పనిలోకి వెళ్లాడు. ఆ ఒక్క నెల ఆగి ఉంటే. ఈ మాట గేనర్ తనలో తాను ఎన్నిసార్లనుకుందో, అనుకున్న ప్రతిసారీ ముందు నాన్న మీద కోపం వస్తుంది, తర్వాత ఆ కోపం వచ్చినందుకు తన మీద. వెళ్లిన రెండో రోజు తెల్లారేసరికి ముందుగది తివాచీ మీద ఇటుక పడి ఉంది. చుట్టూ గాజు పెంకులు, పరదా చీలిపోయి బయటికి ఎగురుతోంది. అమ్మ నిద్రలో నడిచొచ్చినట్టు వచ్చి ఆ ఇటుకనెత్తి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు పాపం. బయట గోడ మీద, కిటికీ కింద, సమ్మె ద్రోహి అని అర్థమొచ్చే నాలుగక్షరాల మాట, మూరెడేసి అక్షరాలు, తెల్ల ఎనామిల్ రంగుతో. తెలుపు మీద మంచు పడి మెరుస్తూ ఉంది. బడికి వెళ్లాలంటే గేనర్ ఆ మాట పక్కనుంచే వెళ్లాలి. పదిహేనేళ్ల పిల్ల. ఎటు చూసుకుని నడవాలి? కిటికీల్లో మనుషులు. ఆ చెక్క రెక్కల వెనక, ఆ అందమైన కిటికీల వెనక, ఒక్కొక్క దాంట్లో ఒక్కో మొహం.

“ఇదిగోనమ్మా, ఇదొకటి చూడండి, వంటసరుకుల గది కిటికీ,” అన్నాడు హాలం, ఇద్దరి మధ్యా ఏదో సరిగా లేదని పసిగట్టి కొత్త సొరుగు లాగుతూ. మంచివాడే. గేనర్ అతణ్ణి ఏమీ అనలేదు. “గాజుకి బదులు జల్లెడ. రాగి తీగతో నేనే అల్లాను. కళ్లు పోయాయనుకోండి.”

జల్లెడ కిటికీ. అతను దాన్ని వెలుతురుకి పెట్టి చూపిస్తే గేనర్‌కి బస్సు కనిపించింది. సమ్మె దాటి పనికెళ్లేవాళ్లని గనికి తీసుకెళ్లే బస్సు, కిటికీలన్నిటికీ ఇనప జల్లెడ బిగించినది. చీకటి విడకముందే వచ్చేది, ముందొక పోలీసు బండి, వెనకొకటి. లోపల తల వంచుకుని నలుగురో అయిదుగురో. నాన్న ఏ సీటులో కూర్చునేవాడో ఏనాడూ చెప్పలేదు. గని గేటు దగ్గర మగవాళ్ల అరుపులు మేడమీది గదిలోకి వినిపించేవి, దుప్పటి నిండా కప్పుకున్నా వినిపించేవి. వాళ్లంతా నాన్నకి తెలిసినవాళ్లు, కలిసి భూమిలోకి దిగినవాళ్లు, పైకప్పు కూలిన రోజు ఒకళ్లనొకళ్లు బయటికి లాగినవాళ్లు. వాళ్లకి కోపం రావడం గేనర్‌కి అర్థమవుతుంది. అదే చిక్కు. అన్నం మానుకున్నవాళ్లు, పెళ్లి ఉంగరాలు అమ్ముకున్నవాళ్లు, చివరిదాకా నిలబడ్డవాళ్లు. వాళ్లకి రాకపోతే ఇంకెవరికి రావాలి కోపం? కానీ తన కోపమో? దాన్నెక్కడ పెట్టాలి? అమ్మ ఒళ్లో ఇటుకలా ఇన్నేళ్లూ మోస్తూనే ఉంది, దించడానికి చోటు లేక.

“జల్లెడ మాకక్కర్లేదు హాలం,” అంది థెల్మా. “మా లైనులో వంటసరుకుల గది వెనకవైపు. బొమ్మరింటికి వెనకవైపేమిటి, చెక్క పలకేగా. ఎవరు చూస్తారు?” గేనర్ మోచేతిని పొడిచి నవ్వింది. “ఏమే, తొందరగా తేల్చు. మొగుణ్ణి వదిలేసినప్పుడు కూడా ఇంత ఆలోచించి ఉండవు నువ్వు.”

హాలం నవ్వాడు. గేనర్ కూడా పెదాలు కదిపింది. ఈ నవ్వు కోసమే గదా ఈ క్లబ్బులో చేరింది, అనుకుని తన మీద తనకే అసహ్యం వేసింది. మోచేత్తో పొడిచి ఎగతాళి చేసే మనిషి ఉండటం కోసం. బడి వంటగదిలో పని చేసి, ఇంటికొచ్చి టీవీ ముందు టీ తాగి పడుకునే బతుకు. పోయిన చలికాలం చర్చి హాలు కిటికీలోంచి చూసింది. ఆడవాళ్లంతా బల్ల చుట్టూ చేరి, కళ్లద్దాలు ముక్కుల మీదికి జార్చుకుని, చిటికెన వేలంత కుర్చీలకి గుడ్డలు కుడుతున్నారు. తలుపు తోసింది. ఎవరో బిస్కెట్ల డబ్బా ముందుకు జరిపారు. ఎవరూ ఏమీ అనలేదు. ఏమీ అనలేదు. దానికే ఆ రాత్రి ఇంటికెళ్లి ఏడ్చింది, సంతోషంతో, సిగ్గులేనిదానిలా. లైను కట్టాలన్న మాట వచ్చినప్పుడు పదకొండు, పదమూడు ముందే పంచేసుకుని పన్నెండు వదిలేశారు. వదిలేస్తే లైను మధ్యలో పన్ను ఊడినట్టు సందు కనిపిస్తుందని తర్వాత గదా తెలిసింది. అప్పుడు థెల్మాయే వచ్చి చెయ్యి పట్టుకుంది. నువ్వు కట్టవే, నీకంటే హక్కెవరికుంది, అని. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. గేనర్ కట్టింది. పెట్టె కోసింది, మెట్లు దించింది, పొయ్యి గూడు చేసింది, మేడమీద తన మంచానికి దుప్పటి అల్లింది. ముందుగోడ ఒక్కటే మిగిలింది. బొమ్మరిల్లంటే ముందుగోడే గదా, తలుపులా తెరుచుకునేదీ, మూస్తే లోపలున్నదంతా దాచేదీ అదే.

ఆ చెయ్యి. సమ్మె వంటశాలలో గరిటె పట్టుకున్నదీ ఆ చెయ్యే. కార్మికుల హాలులో పొడుగు బల్లలు, ఆడవాళ్లు గోనెలకొద్దీ బంగాళాదుంపలు చెక్కు తీసేవాళ్లు, వాళ్లందరిపైనా థెల్మా పెత్తనం. గేనర్‌కి అప్పుడు ఆమె థెల్మా ఆంటీ. లైనులో పెద్దవాళ్లంతా ఆంటీలే, అంకుల్సే, కానీ థెల్మా ఆంటీ వేరు, గేనర్‌కి నుదుటి మీద జుట్టు కత్తిరించేది, అమ్మకి నడుం పట్టేస్తే గేనర్‌ని తీసుకెళ్లి తన పిల్లల మధ్య పడుకోబెట్టుకునేది. నాన్న పనిలోకి వెళ్లిన రోజు మధ్యాహ్నం గేనర్ అలవాటు కొద్దీ బడి నుంచి నేరుగా హాలుకెళ్లి వరసలో నిలబడింది. ఇంట్లో ఆ సంగతి తనకెవరూ చెప్పలేదు. గరిటె పక్కపిల్ల కంచంలోకి వంగింది, లేచింది, గేనర్ కంచం మీదుగా గాలిలోనే దాటి అవతలి పిల్ల కంచంలోకి వంగింది. థెల్మా ఆంటీ కళ్లలోకి చూడలేదు. ఖాళీ కంచం పట్టుకుని ఎంతసేపు నిలబడిందో. ఆ తర్వాత నలభై ఏళ్లు ఆమెను ఏ పేరుతోనూ పిలవలేదు. క్లబ్బులో చేరాక కూడా, మీరు అంటుంది తప్ప పిలవదు.

“గాజు ముందే అతికించకండి, రంగులన్నీ అయ్యాకే,” అంటున్నాడు హాలం. “ముందే అతికించి, పూత పడ్డాక గీకలేక ఏడ్చినవాళ్లని బోలెడుమందిని చూశాను. ఇటుక బిళ్లలు వలకి అంటించి వస్తాయి, పరిచెయ్యడమే. పాతబడినట్టు కావాలంటే చిక్కటి టీ డికాషన్ పుయ్యండి.”

ఇటుక బిళ్లలు పళ్లెంలో పోసి ముందు పెట్టాడు. గోరంతేసి. కాల్చిన మట్టి వాసన కూడా వస్తోంది. గేనర్ ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపింది. ఎంత చిన్నదయితేనేం, అంచులు పదునే. నాన్న ఆ మాటని పోగొట్టడానికి ఇనప బ్రష్షుతో రుద్దాడు, టర్పెంటైన్ పోశాడు, పెట్రోలు పోశాడు, ఉలితో కూడా చెక్కబోయాడు. ఇటుక తాగేసింది రంగుని. వాన పడితే ఇంకా తెల్లగా తేలేది. చివరికి ఎండాకాలంలో ఎవర్నీ సాయం అడక్కుండా, అడిగితే వచ్చేవాళ్లు మాత్రం ఎవరు గనక, ఒక్కడే గోడంతా సిమెంటు మెత్తి, తడిగా ఉండగానే చిన్న పారతో గులకరాళ్లు ఎగజల్లాడు. పని తెలిసినవాడు కాదు. సగం రాళ్లు అతుక్కునేవి, సగం రాలి కాళ్ల మీద పడేవి. అవే ఏరి మళ్లీ కొట్టేవాడు. ఆ చప్పుడు రోజంతా, వడగళ్ల వానలా. పగిలిన కిటికీకి మళ్లీ రెక్కలు పెట్టించలేదు. ఒకటే గాజు పలక, తెరుచుకోనిది, బిగించేశాడు. ప్రతి చలికాలం గడ్డకట్టి పూత ఎక్కడో ఒకచోట ఊడేది, లోపల తెల్లటి వంపు ఒకటి కనిపించేది, నాన్న రాత్రికి రాత్రి మెత్తేవాడు. గని మూసేదాకా పనిచేశాడు. క్యాంటీనులో ఆయన కూర్చున్న బల్ల దగ్గర ఇంకెవరూ కూర్చోలేదు. పోయినప్పుడు శవపేటిక మొయ్యడానికి అమ్మ తరఫు వాళ్లు వేరే ఊళ్ల నుంచి రావలసొచ్చింది. లైనంతా పరదాలు దించుకుని లోపలే ఉంది. ఇప్పుడా లైనుకి మశూచి మొహం లేకుండా చెయ్యాలట.

“నాది ముందు తేల్చు హాలం, ఈ పిల్ల సాయంత్రందాకా తేల్చదు. మా మేనల్లుడు వ్యాను తెచ్చేస్తాడు,” అంది థెల్మా. “రెక్కల కిటికీలే, మూడు. చట్రాలు గోధుమరంగు. పైన రెండిటికీ గట్లు తెలుపు. కిందిదానికి ఆకుపచ్చ.”

“ఒక్కదానికి మాత్రం ఆకుపచ్చా? మూడూ తెలుపు పెడితే చూడ్డానికి బాగుంటుందేమో అమ్మా.”

“ఉన్నది ఉన్నట్టుండాలయ్యా. బాగుండటం కాదు. చిన్నపిల్లలాట అనుకున్నావా ఇది?”

గేనర్ ఒళ్లు భగ్గుమంది. ఉన్నది ఉన్నట్టు! నీ కిటికీ గట్టుకొక ధర్మం, మా నాన్న గోడకొకటి. నోటిదాకా వచ్చిన మాట, ఎందుకో అక్కడే ఆగి, ఇంకో మాటగా బయటికొచ్చింది.

“కిందిది ఆకుపచ్చ ఎందుకయింది?”

“తెలుపు అయిపోయింది. సమ్మె ముగిసిన కొత్తలో రంగు కొనడానికి డబ్బులెక్కడివి? మా ఆయన గని స్టోరు నుంచి ఎప్పుడో తెచ్చిన ఆకుపచ్చ ఉంటే, ఈస్టర్‌కి అదే పూశాను. లైనంతా నవ్వారు. నాకు చెప్పకు, నాకు ప్రతి గట్టూ గుర్తే.” థెల్మా గర్వంగా ఆకుపచ్చ రంగు డబ్బా అందుకుంది.

తెలుపు అయిపోయింది. గేనర్ చేతిలో ఇటుక బిళ్ల ఉంది. దాన్ని చూస్తూ ఉంది కానీ చూస్తున్నది నిచ్చెనని. శరత్కాలం, సమ్మె మధ్యలో, ఎండ పలచగా ఉన్న రోజు. పదకొండో నంబరు ముందు నిచ్చెన. కింద పట్టుకున్నది తనే. పైన థెల్మా ఆంటీ, ఆప్రాన్ జేబులో గుడ్డ, పాట పాడుతూ మేడమీది కిటికీ గట్లు పూసింది. దిగొచ్చి డబ్బా చూపించింది, చూశావా, సగానికి పైనే మిగిలింది, చలి పోయాక కిందిది వేసుకుందాం, మూత గట్టిగా నొక్కు పిల్లా, ఎండిందంటే మళ్లీ దొరకదు. గేనర్ రెండు కాళ్లూ మూత మీద పెట్టి ఎక్కి తొక్కింది. ఇద్దరూ నవ్వారు. ఆ డబ్బా పెరట్లో థెల్మా ఆంటీ వాళ్ల బొగ్గుల కొట్టులో, పైఅరలో పెట్టింది తనే. సగానికి పైన తెల్ల ఎనామిల్. చలి పోయేలోపు ఎవరు ఏ గట్టుకి పూశారు దాన్ని? చలిలో, ఫిబ్రవరిలో, మూరెడేసి అక్షరాలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

నలభై ఏళ్లు ఆమె ఆ మాటకి మగమొహాలు పెట్టుకుంది. గేటు దగ్గర అరిచే కుర్రాళ్లు, తాగుబోతు విల్మాట్, థెల్మా పెద్దకొడుకు కూడా. ఒక్కొక్కణ్ణీ తీసి ఆ గోడ ముందు నిలబెట్టి, చేతికి కుంచె ఇచ్చి, అసహ్యించుకుంది. నడివీధిలో ఎదురైతే పక్కకి తప్పుకుంది. చేసింది వాళ్లు కాదు. జుట్టు కత్తిరించిన చెయ్యి, మధ్య గోడకి అవతల పడుకున్న చెయ్యి. నాన్న దగ్గు వినిపించేంత దగ్గర్లో పడుకుని, లేచొచ్చి, కిటికీ కింద గొంతుక్కూర్చుని రాసిన చెయ్యి. తను తొక్కి బిగించిన మూత తీసి! ఎండిపోకుండా కాపాడింది తనే గదా ఆ రంగుని. పోయిన చలికాలం ఆ చెయ్యి తన చెయ్యి పట్టుకుంటే ఏడ్చింది గదా. అరవాలనిపించింది. ఈ పచ్చగుడ్డని చివర పట్టుకుని ఒక్క లాగు లాగితే కిటికీలన్నీ నేలమీద. ఈ ముసలిదాని మొహాన ఇటుకబిళ్లల పళ్లెం బోర్లించాలి. లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది. హాలం కళ్లద్దాలు తీశాడు.

థెల్మా తలెత్తి చూసింది. గేనర్ మొహం వైపు, తర్వాత తన చేతిలోని ఆకుపచ్చ డబ్బా వైపు. చెప్పేసింది. తన నోటితోనే, గర్వంగా, ఒక్క గట్టు రంగు తప్పు కాకూడదని పట్టుబట్టి మరీ చెప్పేసింది. ఆ సంగతి ఆమె మొహంలోకి మెల్లగా దిగడం గేనర్ చూసింది. థెల్మా డబ్బాని బల్ల మీద పెట్టబోయింది, అది కిటికీల మీద పడి దొర్లింది. ఎవరూ పట్టుకోలేదు.

“హాలం,” అంది గేనర్. “నాకు మేడమీదికి రెండు రెక్కల కిటికీలు. కిందికి రెక్కలొద్దు, ఒకటే గాజు, తెరుచుకోనిది. ముందుగోడకి సరిపడా ఇటుక బిళ్లలు. గులకపూతకి ఏముంది మీ దగ్గర?”

“పంజరంలో పిట్టలకి పోసే ఇసుక ఉంది, సన్న గులక. కానీ పూత వేసేదైతే కింద ఇటుకెందుకమ్మా, దండగ. ఉత్త చెక్క మీదే…”

“ఇటుక ఉండాలి కింద. తెల్ల ఎనామిల్ కూడా ఇవ్వండి. చిన్నది చాలు.”

అతను తెచ్చిన తెల్ల డబ్బాని గేనర్ థెల్మా ముందుకు తోసింది. బయట వ్యాను హారన్ మోగింది.

“పూత నేను వేసుకుంటాను, మా నాన్న వేసినట్టే. దాని కిందది మాత్రం మీరే వెయ్యాలి. చెయ్యి మీది గదా ఆంటీ.”

ఆంటీ. నలభై ఏళ్ల తర్వాత వచ్చింది ఆ మాట, రాయిలా. థెల్మా కళ్లద్దాల వెనక కళ్లు తడిశాయో లేదో గేనర్ చూడలేదు. చూడదల్చుకోలేదు.

“పిల్లలకి తిండి లేదే గేనర్,” అంది థెల్మా. “మా చిన్నాడు ఆకలికి గోడకున్న కాగితం చింపుకు తిన్నాడు. అందరం ఒక్కటిగా ఉన్నాం. మీ నాన్న ఒక్కడూ…” ఆగింది. “మీ నాన్నకి, వెర్నన్‌కి, తెలుసా, నేనేనని?”

గేనర్‌కి ఆ ఎండాకాలం మళ్లీ కనిపించింది. నాన్న నిచ్చెన మీద, పారలో గులకరాళ్లు. పక్కింటి కింది గట్టు వైపు తిరిగి ఆగిపోయాడు. ఈస్టర్‌కి పూసిన ఆకుపచ్చ, ఇంకా కొత్తగా మెరుస్తూ. పైన రెండూ తెలుపు. ఎంతసేపు చూశాడో, పారలోంచి రాళ్లు ఒక్కొక్కటే జారి కింద పడ్డాయి. ఏమిటి నాన్నా, అని తను అడిగింది. ఏం లేదు, అన్నాడు. ఆ తర్వాత రాళ్లు ఎంత గట్టిగా కొట్టాడంటే కొన్ని గోడకి తగిలి వీధి అవతలికి ఎగిరిపడ్డాయి. అదే గోడ పక్కన ఇంకా ఎన్నో ఏళ్లు బతికాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే లైనులో ఎవరు నమ్మేవాళ్లు, నమ్మినా ఎవరు తప్పనేవాళ్లు? ఒక్క మాట కూడా అనకుండా మింగాడే, అని గేనర్‌కి నాన్న మీద కూడా కోపమొచ్చింది, ఈసారి ఇంకో రకంగా.

“తెలుసు,” అంది.

వ్యాను హారన్ మళ్లీ మోగింది. థెల్మా కదల్లేదు. బల్ల మీది తెల్ల డబ్బాని అటూ ఇటూ తిప్పింది. మూత మీద బొటనవేలు ఆనించి, గట్టిగా ఉందో లేదో అన్నట్టు నొక్కి చూసింది.

“సన్న కుంచె ఉందా హాలం?”

“ఎంత సన్నం కావాలమ్మా? దేనికి?”

థెల్మా చూపుడు వేలూ బొటనవేలూ ఎడంగా పెట్టి గాలిలో కొలత చూపించింది. “ఇంత ఎత్తు అక్షరాలకి,” అంది.

గేనర్ ఆ ఎడం వైపు చూసింది. ఒకటిన్నర అంగుళం. అడుగుకి అంగుళం లెక్కన, సరిగ్గా మూరెడు.